తిట్టే హక్కు

తాండూరులో వికారాబాద్ బస్సెక్కాను. పక్క సీట్లో ఒకామె స్పీకర్ పెట్టి ఫోన్‌లో బతిమాలుతోంది. నాపరాళ్లు పరిచే పనికి పరాయి దేశం వెళ్లిన ఆమె తమ్ముడు అక్కడి యుద్ధంలో చిక్కుకున్నాడు. అవతల మాట్లాడుతున్నది ప్రభుత్వ అధికారి.

"అక్కడికి పోవద్దని ముందే చెప్పినం కదమ్మా. మమ్మల్ని అడిగి పోయిండా?" అని ఫోన్ పెట్టేశాడు.

నాకు ఒళ్లు మండింది. విమానం ఎక్కేముందు పాస్‌పోర్టు మీద ముద్ర కొట్టి పంపింది ఎవరు? "మీరు ఊరుకుంటే ఎట్లమ్మా?" అన్నాను.

ఆమె నన్ను చూసింది. "సార్, మా దిక్కు పాత గనులల్ల నీళ్లు నిలుస్తయ్. వద్దన్నా పోరగాళ్లు ఈతకు దిగుతరు. ఎవలన్న మునిగితే చీరలు, తువ్వాలలు ముడేసి గుంజుతం. గుంజినాయన ఒడ్డుకు తెచ్చినంక చెంప మీద ఒక్కటి పీకుతడు. ఇంటోళ్లు గూడ ఏమనరు."

"అంత కష్టంలో ఉన్నవాణ్ని కొడతారా?"

"పానం కాపాడినాయన గదా, ఆయనకు హక్కుంటది. గట్టు మీద నిలబడి చూసినోళ్లు మాత్రం నోరు తెరవొద్దు."

మా ఊళ్లో గట్టు మీదివాళ్లదే పెద్ద నోరు. ఢిల్లీలోనూ అంతే.

వికారాబాద్‌లో దిగి, ఆమె మళ్లీ అదే నంబరుకు ఫోన్ చేసింది. ఈసారి గొంతులో బతిమాలుడు లేదు.

"సారూ, మా తమ్మున్ని తీస్కరాండ్రి. తెచ్చినంక మీరే కొట్టుండ్రి, నేనే పట్టుకుంట. గప్పటిదాక తిట్టకుండ్రి."