క్వారీ పేలని రోజు

కరెంటు లైన్లు, సెల్ టవర్లు, క్వారీల మీద సివిల్ దావాలు నడపడమే నా వృత్తి. ఇన్నేళ్లలో మరిపెడ దగ్గరి ఒక అవ్వ కేసు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

క్వారీలో రోజూ మధ్యాహ్నం బండలు పేల్చడంతో ఆమె ఇంటి గోడలు బీటలు వారాయి. చూసి రమ్మని కోర్టు ఒక కుర్ర వకీలును కమిషనర్‌గా పంపింది. ఆ రోజు క్వారీలో చప్పుడే లేదు.

"మీరొస్తున్నరని ఇయ్యాల ఆపిండ్రు సార్. రేపొచ్చి సూడుండ్రి," అంది అవ్వ.

ఆయన ఆ మాట రాసుకోలేదు. పేలుళ్లేవీ వినలేదని, ఇల్లు పాతబడిందని రిపోర్టు ఇచ్చాడు.

"అవ్వ చెప్పింది ఎందుకు రాయలేదు?" అని బోనులో నిలబెట్టి అడిగాను.

"అది నా పని కాదు."

క్వారీ రిజిస్టర్ తెప్పించాను. నెలంతా పేలుళ్లున్నాయి, ఆ ఒక్క రోజే లేవు. జడ్జి ఆ రిపోర్టును పక్కన పెట్టి, పేలుడు వేళకే మళ్లీ తనిఖీ చేయాలన్నారు. అది జరిగేలోపే వానలకు వెనక గోడ కూలింది.

చివరికి పేలుళ్లు ఆపి ఇల్లు కట్టివ్వాలని తీర్పు వచ్చింది. కోర్టు బయట ఆ వకీలు చెయ్యి చాచాడు.

"గెలిచినవ్ గదన్నా, ఇంక కోపమేంది?"

"అవ్వ రేకుల కింద పండుకుంటున్నది. పోయి ఆమెనడుగు," అన్నాను. చెయ్యి కలపలేదు.