బంతి ఆపే మనిషి

మా బ్లాకుకు రంగులు వేస్తున్నారు. నిన్న పొద్దున కింద స్తంభాల మధ్య గోడ గీకుతున్న పనివాడు నన్ను ఆపి, "ఈ గుండ్రటి మచ్చలేంటి ఆంటీ, ఇన్ని ఉన్నాయి?" అన్నాడు. బంతి మచ్చలు నాయనా అన్నాను. ఎవరు కొట్టారని అడుగుతాడేమోనని కాసేపు నిలబడ్డాను. అతను అప్పటికే బ్రష్షు ముంచేశాడు.

మా ఆయన పోయాక రెండో గది ఊరికే పడి ఉండేది. అద్దెకిస్తానని ఏజెంటుకు చెబితే మెక్సికో మనిషిని తీసుకొచ్చాడు. నేను పుట్టింది మలాయ్ దేశంలో, పేరాక్ వైపు కొబ్బరి ఎస్టేటులో, చదివింది మూడో క్లాసు, మెక్సికో ఏ దిక్కున ఉంటుందో నాకేం తెలుసు. యాభై దాటిన వాడు, ఒక పెట్టె, ఒక తోలు గ్లవుజు, అంతే సామాను. రాత్రుళ్ళు కింద స్తంభాల మధ్య గోడకు బంతి విసిరి, తిరిగొచ్చేదాన్ని ఆ గ్లవుజుతో ఆపుకునేవాడు. దానికి రోజూ కొబ్బరినూనె రాసేవాడు. నా నూనె సీసా ఎందుకు అంత త్వరగా అయిపోతోందో నెల తర్వాత గాని తెలియలేదు. నన్ను ఆంటీ అన్నాడు, నేను తమ్ముడూ అన్నాను. మా మాటలు సగం ఇంగ్లీషు, సగం మలాయ్, మిగతావి చేతులు.

ఇక్కడికి వచ్చి ఉద్యోగాలు చేసుకునేవాళ్ళ పిల్లలకు బేస్‌బాల్ నేర్పడానికి ఒక క్లబ్బు తమ్ముణ్ణి పిలిపించింది. ప్రతి ఏడాది చివర్లో పిల్లల అమ్మానాన్నలు కూర్చుని, ఇతన్ని ఉంచాలా వద్దా అని తేలుస్తారు. వద్దంటే ఇక్కడ పనిచేసే పాసు పోతుంది, దేశం విడిచి వెళ్ళాలి. అక్కడ తలుపు తీసేవాళ్ళు అతనికి లేరు. తల్లి పోయింది, పెళ్ళాం ఎప్పుడో విడిపోయింది. ఇక్కడ తలుపు తీయడానికి నేనుండేదాన్ని. నాకు తలుపు కొట్టేవాడు ఒకడుండేవాడు.

సాయంత్రాలు చారన్నం కలుపుకుంటూ తన ఆట సంగతులు చెప్పేవాడు. ఎడారిలో గంటల తరబడి బస్సులు, ఊరూరికీ ఒక అద్దె మంచం. రెండో బేసుకూ మూడో బేసుకూ నడుమ వంగి నిలబడి, నేల మీద దొర్లుకొచ్చే బంతిని ఆపడం తమ్ముడి పని. అక్కడి నేల రాళ్ళు, బంతి కప్పలా ఎటు దూకుతుందో తెలియదు. ఆపడంలో అతన్ని మించినవాడు లేడట. కొట్టడం మాత్రం చేతకాలేదు. "నేను బ్యాటు పట్టుకుని వస్తే ఆంటీ, జనం లేచి మకాన్ కొనుక్కు తినడానికి వెళ్ళేవాళ్ళు," అని నవ్వేవాడు.

"మరి తీసెయ్యలేదా నిన్ను?"

"ఈ ఏడు తీసేస్తారనే అనుకునేవాణ్ణి. పదకొండేళ్ళు అలాగే అనుకున్నాను."

శనివారాలు గ్రౌండుకు పులిహోర డబ్బా పట్టుకెళ్ళేదాన్ని. ఆ పిల్లల తల్లుల్లో ఒక తెలుగమ్మాయి ఉండేది, చాంగీ బిజినెస్ పార్కులో బ్యాంకు ఉద్యోగం, గుంటూరు వైపు మాట. తమ్ముడు వచ్చిన నాలుగో ఏడు చివర్లో నా పక్కన వచ్చి కూర్చుంది.

"కోచ్ గారు మీ ఇంట్లోనే ఉంటారంటగా ఆంటీ? వాళ్ళ దేశంలో పెద్ద ప్లేయరా అండీ?"

"పెద్ద ప్లేయరేనమ్మా. కొట్టడం రాదు గానీ, పదకొండేళ్ళు ఎవరూ కదపలేకపోయారు."

"కొట్టడం రాదా?"

"అస్సలు రాదు. మొత్తం మీద ఒక్కసారి బంతి కంచె దాటిందట, అదీ గాలికి పోయిందని తనే చెప్తాడు."

పొగుడుతున్నాననుకున్నాను. మనిషిని మెచ్చుకునేటప్పుడు ముందు ఒక లోపం చెప్పి తీరాలి, లేకపోతే దిష్టి తగులుతుందని మా ఎస్టేటులో అందరికీ అలవాటు. చెట్టెక్కేవాణ్ణి గురించి, వాడికి మాటతీరు లేదు గానీ ఏ చెట్టు మీంచీ పడలేదు అనేవాళ్ళం. వినేవాళ్ళు మొదటి ముక్క వదిలేసి రెండోది పట్టుకునేవాళ్ళు. ఆ అమ్మాయి మొదటి ముక్కే పట్టుకుంది. ఫోను తీసి టకటకా కొట్టుకుంటూ ఉంటే, ఆఫీసు పని కాబోలని పులిహోర ఇంకాస్త పెట్టాను కూడా.

రెండు వారాలకు క్లబ్బు నుంచి ఉత్తరం వచ్చింది. వచ్చే ఏడు నుంచి బాగా కొట్టిన ఆటగాడెవరో నేర్పుతాడట. తమ్ముడు చదివి, నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని, గిన్నెలు తోమాడు. రెండు రోజులు అతనికి అన్నం వడ్డించి వంటగదిలోకి తప్పుకున్నాను. మూడో రోజు చెప్పేశాను, నీ పని నా నోటి వల్లే పోయిందని, ఏమన్నానో మాట పొల్లుపోకుండా. అతను అంతా విన్నాడు.

"లేదు ఆంటీ. వాళ్ళు నన్నూ అడిగారు. నేనూ అదే చెప్పాను."

"ఏమని?"

"కొట్టలేనని. బంతిని మాత్రం వెనక్కి పోనివ్వనని." నవ్వాడు. "రెండోది ఎవరూ రాసుకోలేదు."

వాళ్ళు నిజంగానే అడిగారో, నా ఏడుపు చూడలేక అలా అన్నాడో ఇప్పటికీ తెలియదు. తన దేశం వెళ్ళిపోయాక రెండు దీపావళులకు ఫోను చేశాడు. మూడో ఏడు నేనే చేస్తే నెంబరు పలకలేదు. ఆ గది మళ్ళీ ఎవరికీ ఇవ్వలేదు. ఏజెంటు అడిగినప్పుడల్లా రిపేరు ఉందంటాను. పెద్దతనంలో ఏళ్ళు పరిగెత్తుతాయంటారు, నిజమే, అతను వెళ్ళి ఆరేళ్ళంటే నాకే నమ్మబుద్ధి కాదు. పొద్దున ఏడు గంటలకు లేచాక గడియారం ఎనిమిది కొట్టడం మాత్రం ఎంతసేపటికీ కాదు.