వదినను కాదన్న మాట

ఒక మాట ఏళ్ల తరబడి నా గొంతులో అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్పగలుగుతున్నాను. ముందే చెబుతున్నాను, జాలి పడకండి. నేను జాలి పడదగ్గ మనిషిని కాను.

మా అమ్మవాళ్ల నాన్న ఇరాన్ నుంచి వచ్చినవాడు. రాజమండ్రిలో టీ హోటల్ పెట్టి, కోనసీమ అమ్మాయిని చేసుకుని ఇక్కడే ఉండిపోయాడు. అమ్మ రామచంద్రపురంలో ఒక హిందూ మేష్టారిని ప్రేమించి పెళ్లి చేసుకుంది. పెళ్లితో పేరు మారింది. పుట్టింటి ఊసు మా ఇంట్లో వినపడేది కాదు. నాన్నకు షాపింగని చెప్పి, ఏడాదికోసారి నన్ను రాజమండ్రి తీసుకెళ్లేది. అంతే.

మావయ్య కూతురు పర్వీన్ నాకంటే కొన్ని నెలలు పెద్దది, వదిన వరస. ఆమె కూడా నన్ను వదినా అనే పిలిచేది. లా కాలేజీలో ఇద్దరం ఒకే క్లాసు. ఆ ఇరానీ అమ్మాయి నీకేమవుతుందని ఎవరైనా అడిగితే, తెలిసినవాళ్లు అనేదాన్ని. పక్కనే ఉండి విన్నా ఆమె ఏమీ అనేది కాదు. అది ఆమె మంచితనమని నాకప్పుడు తోచలేదు. అలుసుగా తీసుకున్నాను.

హైదరాబాదులో స్థిరపడ్డ ఇరాన్ సంతతి పెద్దలు కొందరు, తమ మూలాలున్న పిల్లలు లా చదువుతుంటే ఏడాదికి ఒక్కరికి స్కాలర్‌షిప్ ఇస్తారని కనుక్కొచ్చింది పర్వీనే. నీకూ తాతయ్యే కదా, నువ్వూ దరఖాస్తు పెట్టు వదినా అంది. మా నాన్న నా ఫీజు కట్టగలడు. ఆ సాయం లేకపోతే ఆమె చదువు ఆ ఏడాదితో ఆగిపోతుంది. ఈ రెండూ నాకు తెలుసు. తెలిసీ పెట్టాను. ఎందుకు? అన్నాళ్లూ దాచుకున్న తాతయ్య వల్ల మొదటిసారి ఒక గొప్ప దొరుకుతుంటే వదులుకోబుద్ధి కాలేదు. ఇంతకంటే మంచి కారణం కోసం చాలా వెతికాను. దొరకలేదు.

రుజువుగా చూపడానికి తాతయ్య కాగితాలు లేవు, ఎప్పుడో వరద నీళ్లలో పోయాయి. అందుకని ఆ పెద్దలు ఫోనులో అడిగి తెలుసుకుంటామన్నారు. ముందు నా వంతు. మీ ఇంట్లో నౌరూజ్ ఎలా చేస్తారని ఒక పెద్దావిడ అడిగింది. నౌరూజ్ అంటే ఇరాన్ వాళ్ల కొత్త సంవత్సరం. పండక్కి ముందు పళ్లెంలో గోధుమలు మొలకెత్తించడం వాళ్ల ఆచారం. కాపురానికొచ్చిన ఏడాది మా అమ్మమ్మ గోధుమల మాట పక్కన పెట్టి, తనకు తెలిసిన పద్ధతిలో వడ్లు నానబెట్టి, గోనెగుడ్డలో మండె కట్టి, మొలకలు పళ్లెంలో చల్లింది. పండక్కి పళ్లెం నిండా వరినారు! తాతయ్య పగలబడి నవ్వి, మనింట్లో ఇక ఇదే ఆచారం అన్నాడట. పండగైన పదమూడో రోజున ఆ నారు గోదాట్లో వదులుతారు. ఇదంతా మావయ్య ఇంట్లో జరిగేది. నేను మా ఇంట్లో అని చెప్పాను. పెద్దావిడ మురిసిపోయింది.

అంతవరకూ సగం అబద్ధం. అమ్మమ్మ నాకూ అమ్మమ్మే కదా అని సర్దిచెప్పుకోవచ్చు. సర్దిచెప్పుకున్నాను కూడా. కానీ మర్నాడు ఆవిడ మళ్లీ ఫోన్ చేసింది.

“పర్వీన్ అనే అమ్మాయి కూడా వడ్ల సంగతే చెప్పిందమ్మా. మీకు చుట్టాలా?”

“కాదండి. తెలిసినవాళ్లండి.”

“మరి ఇవన్నీ ఆ అమ్మాయికెలా తెలుసు?”

“చిన్నప్పట్నుంచీ మా ఇంటికి వస్తా పోతా ఉంటదండి. మా అమ్మమ్మ చేస్తుంటే చూసుంటదండి.”

“అయితే వాళ్లది ఇరాన్ కుటుంబం కాదంటారా?”

“ఏమోనండి. నేనైతే ఎప్పుడూ వినలేదండి.”

“మంచిదమ్మా. నిజం చెప్పారు.”

నా గొంతు వణకలేదు. కాలేజీలో రోజూ అనే మాటే కదా, నాలుకకు అలవాటైపోయింది. పర్వీన్‌ను ఎందుకు కాదన్నారో ఆ పెద్దలు ఆమెకు చెప్పలేదు. స్కాలర్‌షిప్ నాకొచ్చింది. కబురు తెలిసి ఆమె మిఠాయి పొట్లం పట్టుకుని మా ఇంటికొచ్చింది, మా నాన్న ఇంట్లో ఉన్నాడేమోనని గుమ్మం బయటే నిలబడి ఇచ్చి వెళ్లింది. ఇంటర్వ్యూలో నా పేరెత్తితే నాకు ఇబ్బందవుతుందని, మేం చుట్టాలమన్న సంగతి తను చెప్పనే లేదట. అది విన్నాకైనా ఫోన్ చేసి నిజం చెప్పొచ్చు. చెప్పలేదు. ఆ ఏడాదే ఆమె చదువు మానేసి హోటల్ కౌంటర్లో కూర్చుంది. నాకే సరిగ్గా చెప్పడం రాలేదు వదినా, అంది ఒకసారి. ఊఁ అన్నాను. ఆ ఊఁ గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

ఇప్పుడు నేను లాయర్ని. సాక్షి ఒక్క మాట తడబడితే నిలదీసి నీళ్లు తాగిస్తాను. బాగా చేస్తానని పేరు కూడా ఉంది. పర్వీన్ తన హోటలుకొచ్చిన వాళ్లందరికీ, మా వదిన పెద్ద లాయరండి అని చెబుతుంది. నాకంటే చురుకైన బుర్ర ఆమెది. ఈ నల్లకోటు ఆమె వేసుకోవలసింది.

ఆమెకే చెప్పొచ్చు కదా అంటారేమో. చెబితే క్షమిస్తుంది. ఆ మనిషి సంగతి నాకు తెలుసు, టీ ఇచ్చి మరీ క్షమిస్తుంది. ఆమె దగ్గర ఇంకొకటి కూడా పుచ్చుకునే మొహం నాకు లేదు. లేక ఇదీ నా పిరికితనానికి నేను తొడిగిన మంచి పేరేనా? అయి ఉండొచ్చు.

ఆ పెద్దావిడ అడిగినప్పుడు చెప్పవలసిన జవాబు ఇన్నేళ్లకు మీకు చెబుతున్నాను. అవునండి, పర్వీన్ వాళ్లు ఇరాన్ వాళ్లే. ఆమె మా మావయ్య కూతురు. నాకు సొంత వదిన.