థ్రాటిల్ వదిలేసిన చెయ్యి

ఇటలీలో రేసులో పడి తొడ ఎముక విరిగాక రెండేళ్లపాటు నేను పోటీల్లో దిగలేదు. అమెరికాలో క్యారీ అనే ఊళ్లో ఉన్న అమ్మానాన్నల ఇంటికి తిరిగొచ్చి మళ్లీ నడవడం నేర్చుకున్నాను. మోటోక్రాస్ తప్ప నాకు వేరే పని రాదు. మట్టి దిబ్బల మీదుగా బైక్‌ని ఎగిరించడమే నా ఉద్యోగం. అందుకే యూరప్ నుంచి పాత టీమ్ మేనేజర్ ఫోన్ చేసి, తమ రైడర్‌కి మోకాలు దెబ్బతింది, మిగిలిన సీజన్‌కి వస్తావా అని అడిగితే, అతని మాట పూర్తికాకముందే వస్తానన్నాను. అప్పటికి నేను చిన్న ట్రాకుల మీద తిరుగుతున్నాను గానీ పెద్ద జంప్ జోలికి వెళ్లలేదు. ఆ సంగతి అతను అడగలేదు, నేను చెప్పలేదు.

ఆ శనివారం నాన్న తన స్నేహితులందర్నీ ఇంటికి పిలిచాడు. పులిహోర, గారెలు, మధ్యలో నా బైక్ నంబర్ వేయించిన కేకు. ఒకప్పుడు "ఆడపిల్లకి ఆ బురదలో పనేంటండీ" అని నాన్నని నిలదీసిన ఆంటీయే ఇప్పుడు నా భుజం మీద చెయ్యేసింది.

"అంత దెబ్బ తగిలింది కదా, మళ్లీ ఎక్కాలంటే భయం వెయ్యదామ్మా?"

"భయమేంటి ఆంటీ, ఇట్స్ మై జాబ్" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. నాన్న అందరికంటే గట్టిగా కొట్టాడు.

మర్నాడు ఇద్దరం ట్రక్కులో బైక్ వేసుకుని ప్రాక్టీస్ ట్రాక్‌కి వెళ్లాం. అక్కడ రెండు పెద్ద దిబ్బలున్నాయి, వాటి మధ్య గొయ్యి. మొదటి దిబ్బ మీంచి వేగంగా లేచి, రెండోదాని అవతల దిగాలి. మలుపులన్నీ హాయిగా తిరిగాను. దిబ్బ అంచుకి రాగానే నా కుడి చెయ్యి దానంతటదే థ్రాటిల్ వదిలేసింది. బైక్ మెల్లగా గొయ్యిలోకి దిగి, అవతలి దిబ్బని పాకుతూ ఎక్కింది. ఇంకో చుట్టు వచ్చాను. మళ్లీ అంతే. పళ్లు బిగించి వచ్చాను. అప్పుడూ అంతే. వారమంతా ఆఫీసుల్లో కూర్చుని ఆదివారం సరదాకి వచ్చినవాళ్లు నా తల మీంచి ఎగిరిపోతున్నారు. హెల్మెట్ లోపల సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

నాన్న కంచె దగ్గర్నుంచి పరుగులాంటి నడకతో వచ్చాడు. "బైక్‌లో ఏమైనా ప్రాబ్లమా నాన్నా?" అని అడిగాడు.

"క్లచ్ జారుతోంది డాడీ."

ఆ మధ్యాహ్నం ఆయన భోజనం కూడా చేయకుండా గరాజ్‌లో కూర్చుని క్లచ్ విప్పాడు. బాగున్న ప్లేట్లు తీసేసి కొత్తవి వేశాడు. నేను పక్కన స్టూలు మీద కూర్చుని, అడిగిన పానా అందిస్తూ ఉన్నాను. అంతా బిగించాక, "ఇప్పుడు చూడు, ఎలా ఎగురుతుందో" అని నావైపు చూసి నవ్వాడు. ఆ నవ్వు నేను చూడలేకపోయాను.

"క్లచ్ బాగానే ఉంది డాడీ. ప్రాబ్లమ్ నేనే. ఐ కాంట్ జంప్."

నాన్న చేతులకున్న నూనె గుడ్డతో చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత, "మరి నిన్న అందరికీ చెప్పేశాం కదా" అన్నాడు. అన్న వెంటనే ఆయన ముఖం మారిపోయింది. "సారీ నాన్నా. అది కాదు నేను అనాల్సింది. వెళ్లడం మానేద్దువుగాని."

"లేదు, వెళ్తాను" అన్నాను. ధైర్యం వచ్చి కాదు. మానేశానని ఆ ఆంటీలకీ అంకుల్స్‌కీ చెప్పుకోవడం ఊహిస్తేనే చెమట పట్టింది.

బెల్జియంలో ఇసుక ట్రాక్. ఒకే రోజు రెండు రేసులు. ట్రాక్‌లో సగం దాటాక ఒక పెద్ద జంప్ ఉంది. మొదటి రేసులో అక్కడికి వచ్చిన ప్రతిసారీ నా చెయ్యి అదే పని చేసింది. వెనక నుంచి ఎగిరిన ఒకమ్మాయి, తన బైక్ ముందు చక్రం నా హెల్మెట్‌కి తగిలేంత దగ్గరగా దాటిపోయింది. అందరికంటే చివర వచ్చాను. టెంట్‌లో మెకానిక్ నాతో మాట్లాడకుండా చెయిన్ కడిగాడు. తిట్టినా బాగుండేది.

రెండో రేసులో జంప్ దగ్గరికి వస్తుండగా వెనక ఇంజన్ మోత నా వీపుకి ఆనుకున్నట్టే వినిపించింది. ఇప్పుడు ఆగితే వెనకొస్తున్న అమ్మాయి నా మీదే పడుతుంది, ఇద్దరం పోతాం. ఆ ఒక్క ఆలోచనతో చెయ్యి థ్రాటిల్‌ని వదలకుండా బిగించి పట్టుకుంది. కింద నేల లేదు. తర్వాత దబ్బున ఉంది. తొడలో రాడ్ వేసిన చోట నొప్పి మెరుపులా పాకింది. మిగతా చుట్లలో కొన్నిసార్లు ఎగిరాను, కొన్నిసార్లు ఎగరలేదు. చివర్నుంచి నాలుగో స్థానంలో వచ్చాను.

సాయంత్రం ఇంటికి ఫోన్ చేశాను.

"అందరూ చూశారా డాడీ?"

"మొదటి రేసుకి టీవీ ముందు మన హాలు నిండిపోయింది" అన్నాడు నాన్న. "తర్వాత పనులున్నాయని వెళ్లిపోయారు. రెండోది నేనూ అమ్మా చూశాం."

"జంప్ చూశారా?"

"నేను చూశాను. అమ్మ కళ్లు మూసుకుంది."