తినని తీపికి పడిన నింద

ఒకటో తరగతి పిల్లలతో నేల మీద కూర్చుని చింతగింజలు లెక్కపెట్టిస్తున్నాను. గంట కొట్టారు. లేవబోతే తొడల్లో బలం లేదు. గోడ పట్టుకుని సగం లేచి మళ్లీ కూలబడ్డాను. పక్క తరగతి మెహరున్నీసా టీచర్ పరుగెత్తుకొచ్చి లేపింది.

"ఏందక్కా, నిన్న కూడా ఇట్లే చేస్తివి. ఒకసారి పోయి రక్తం చూపించుకోరాదా?" అంది.

నేను జమ్మలమడుగులో ప్రభుత్వ బడి టీచర్ని. అప్పటికి ముప్పై ఎనిమిదేళ్లు. ఆ శనివారం ప్రొద్దుటూరు వెళ్లి చూపించుకుంటే ఫాస్టింగ్ షుగర్ రెండు వందల పది. బీపీ కూడా ఉంది. డాక్టర్ మాత్రలు రాసి, అన్నం తగ్గించి రోజూ నడవమన్నారు.

చెప్పినట్టే చేశాను. కొర్రన్నం, రాగిసంకటి, తెల్లవారకముందే నడక. షుగర్ తగ్గకపోగా పెరిగింది. డోసు పెంచారు. ఇంకా పెరిగింది. కాళ్లూ చేతులూ సన్నబడ్డాయి కానీ పొట్ట ముందుకొచ్చింది, ముఖం గుండ్రంగా ఉబ్బింది. చర్చిలో "ఒళ్లు చేసినావే టీచరమ్మా" అని నవ్వేవాళ్లు.

నా భర్త దానియేలు మోటార్ సైకిళ్ల మెకానిక్. మంచి మనిషి. ఒకరోజు నా బ్యాగులో అతనికి చాక్లెట్ దొరికింది. బళ్లో ఎవరిదో పుట్టినరోజని పంచిపెట్టినది.

"ఏమ్మే, నీకోసం నేనూ చక్కెర మానేసినా. నువ్వేమో దాచిపెట్టుకొని తింటాండావా?"

"తినలేదప్పా. పిల్లలిచ్చినారు, బ్యాగులో ఏసుకున్యా."

"తినకుంటే షుగర్ యాడనుంచి వస్తాది?"

కొన్నాళ్లకు నా మీద నాకే అనుమానం పుట్టింది. నిద్రలో లేచి తింటున్నానేమో అని కూడా అనుకున్నాను.

అలా రెండేళ్లు గడిచి, చివరికి ఇన్సులిన్ మొదలుపెట్టారు. ఆ నెలలోనే పులివెందులలో టీచర్లకు శిక్షణ. మెట్టు దగ్గర తూలి చెయ్యి ఆనించానంతే, మణికట్టు విరిగింది. మెహరున్నీసా నన్ను అక్కడి ఆసుపత్రికి తీసుకెళ్లింది. కట్టు వేశాక, షుగర్ ఎక్కువగా ఉందని ఫిజీషియన్ దగ్గరికి పంపారు. ఆమె నాకంటే చిన్నది. రిపోర్టుల కంటే ముందు నా చేతుల మీద కమిలిన మచ్చలు చూసింది.

"ఎక్కడ తగిలాయమ్మా ఇవి?"

"తగల్లేదు మేడమ్. ఊరికే వస్తాండాయి."

"పొట్ట మీద చారలున్నాయా?"

ఉన్నాయి, వంకాయ రంగులో. అంతవరకు ఎవరూ అడగలేదు, సిగ్గుపడి నేనూ చెప్పలేదు. స్టెరాయిడ్ మాత్రలు గానీ, నొప్పులకు ఇంజెక్షన్లు గానీ వాడానా అని అడిగింది. వాటివల్ల కూడా ఇలా అవుతుందట. లేదన్నాను. పాత ఫోటో అడిగితే ఫోన్‌లో షుగర్ రాకముందు తీసిన క్రిస్మస్ ఫోటో చూపించాను. దాన్ని నా ముఖం పక్కన పెట్టి పోల్చి చూసింది.

"కార్టిసోల్ అని ఒక స్ట్రెస్ హార్మోన్ ఉంటుంది. భయమేసినా జ్వరమొచ్చినా శరీరం దాన్ని ఎక్కువగా వదుల్తుంది. అది లివర్ చేత చక్కెర బయటికి తీయిస్తుంది, ఇన్సులిన్‌ను పని చేయనివ్వదు. మామూలుగా అయితే కష్టం తీరాక తగ్గిపోతుంది. ఈ మచ్చలు, చారలు, విరిగిన ఎముక చూస్తే మీకు తగ్గడం లేదేమోనని నా అనుమానం. మీరు ఎంత పథ్యం చేసినా అది లోపల చక్కెర తయారు చేయిస్తూనే ఉంటుంది."

పరీక్షలు మొదలయ్యాయి. ఒక రోజు మూత్రమంతా క్యాన్‌లో పట్టాను. మామూలుగా కార్టిసోల్‌ను తగ్గించే డెక్సామెథసోన్ మాత్ర రాత్రి వేసుకుని మర్నాడు పొద్దున రక్తమిచ్చాను. కార్టిసోల్ దిగలేదు. సీటీ స్కాన్‌లో ఎడమ కిడ్నీ పైనుండి కార్టిసోల్ తయారుచేసే అడ్రినల్ గ్లాండ్‌లో నిమ్మకాయంత గడ్డ కనబడింది. క్యాన్సర్‌లా లేదనీ, తీసేస్తే షుగర్ కూడా దిగొచ్చనీ చెప్పారు.

దానియేలు రిపోర్టు పట్టుకుని ఆసుపత్రి బెంచీ మీదే ఏడ్చాడు. "నిన్ను దొంగను చేస్తినే" అన్నాడు. నాకు ఏడుపు రాలేదు. గడ్డ ఉందన్న భయం కంటే, నేను తినలేదని తేలినందుకు సంతోషమే ఎక్కువైంది.

తిరుపతిలో చిన్న రంధ్రాలు పెట్టి ఆపరేషన్ చేశారు. ఇంటికొచ్చేసరికి ఇన్సులిన్ ఆపేశారు. రెండో పక్క గ్లాండ్ ఇన్నాళ్లూ పనిలేక నిద్రపోయిందట. అది లేచేదాకా కార్టిసోల్‌కు బదులు హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు వాడాలనీ, సొంతంగా మానకూడదనీ, జ్వరమొస్తే డోసు పెంచాలనీ గట్టిగా చెప్పారు.

అక్కడే నేను తప్పు చేశాను. స్టెరాయిడ్ వేసుకుంటే షుగర్ మళ్లీ వస్తుందని భయపడి కొన్ని పూటలు మానేశాను. ఆరో వారం జ్వరం, వాంతులు. వంటింట్లో పడిపోయాను. దానియేలు ఆటోలో ప్రొద్దుటూరు తీసుకెళ్లాడు. షుగర్ నలభై ఎనిమిది, బీపీ బాగా పడిపోయింది. అతను ఆపరేషన్ కాగితాలు చూపించగానే అదే మందు ఇంజెక్షన్‌గా వేసి సెలైన్ పెట్టారు. సాయంత్రానికి లేచి కూర్చున్నాను. పులివెందుల డాక్టరమ్మ ఫోన్‌లో గట్టిగా కోప్పడింది. "కార్టిసోల్ ఎక్కువైతే ఎంత ప్రమాదమో, లేకపోయినా అంతే ప్రమాదం. బతకడానికి అది కొంచెం కావాలమ్మా!"

ఆ తర్వాత ఒక్క పూట కూడా మానలేదు. పది నెలలకు డాక్టరమ్మే మెల్లగా తగ్గించి ఆపించింది. ఇప్పుడు షుగర్‌కు మందులేమీ లేవు, ఆరు నెలలకోసారి పరీక్ష మాత్రమే. బీపీకి చిన్న మాత్ర మిగిలింది. మొన్న నాలుగో తరగతి పిల్లలను గండికోటకు తీసుకెళ్లి రోజంతా వాళ్లతో తిరిగాను.

షుగర్ ఉన్న అందరికీ ఇలాంటి గడ్డ ఉండదు, ఇది అరుదని డాక్టరమ్మే చెప్పింది. అందుకని మందులు మానకండి. కానీ చెప్పినట్టు చేసినా షుగర్ దిగకపోతే, ఒంట్లో వచ్చిన మార్పులన్నీ ఒక కాగితం మీద రాయండి: మచ్చలు, చారలు, బలం తగ్గడం, నెలసరి తప్పడం, ఎవరి దగ్గర ఏ ఇంజెక్షన్ వేయించుకున్నారో అదీ. సిగ్గుపడకుండా డాక్టర్ చేతిలో పెట్టండి. నేను చెప్పడానికి ఎముక విరిగేదాకా ఆగాను. మీరు ఆగకండి.