యాదగిరి గారు ఒప్పుకున్న తప్పు

టక్‌మని చిన్న చప్పుడు. గోరంత ప్లాస్టిక్ ఇటుక ఒకటి ఊడి, బల్ల మీద దొర్లి, దర్శకుడి కాఫీ కప్పు దగ్గర ఆగింది. ఈ రోజు పొద్దున జూబ్లీహిల్స్‌లోని ఆయన ఆఫీసులో, ఆ చప్పుడు విన్న మరుక్షణం నేను అబద్ధం చెప్పాను.

నేను సినిమాలకు కళా దర్శకుణ్ణి. సోవియట్ కాలం నాటి ఆరు చక్రాల సైనిక లారీ ఒకటి కోట ద్వారంలోంచి దూసుకుపోయే సన్నివేశం ఉంది. సెట్టు వేసే ముందు ఆ లారీనీ ద్వారాన్నీ పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ ఇటుకలతో, కొలతల ప్రకారం చిన్నగా కట్టించాను. కట్టింది నా సహాయకురాలు సునీత. తిరిగే స్టీరింగు, గుంటల్లో పైకీ కిందకీ ఊగే ఇరుసులు, అన్నీ పెట్టింది. ఆదివారం మా ఆఫీసులో ఒక్కడినే ఉన్నప్పుడు, అందంగా ఉంటుందని, ద్వారం పక్క స్తంభాల్లోంచి రెండు వరసలు నేనే తీసేసి పైభాగాన్ని కిందికి దించాను. ఆమెకు చెప్పలేదు. ఈ రోజు అందరి ముందూ లారీని తోస్తే దాని పైభాగం ద్వారానికి తగిలి ఇటుక ఊడింది.

"కొలతలు సునీత తీసిందండీ" అన్నాను.

"అయితే ఆ అమ్మాయిని మార్చేయండి. రేపు నిజం సెట్లో ఇలా జరిగితే ప్రాణాలు పోతాయి" అన్నాడు దర్శకుడు.

అక్కడే ఉన్న సునీత ద్వారం వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. బ్యాగు భుజాన వేసుకుని బయటికి వెళ్లిపోయింది. ఆ చూపు నాకు కొత్త కాదు. చాలా ఏళ్ల కిందట యాదగిరి గారు నన్ను అలాగే చూశారు.

యాదగిరి గారు సైన్యంలో రష్యా లారీలు నడిపి రిటైరైన మనిషి. అలాంటి పాత లారీ ఒకటి ఒకాయన కొని సినిమాలకు కిరాయికి ఇచ్చేవాడు. దాన్ని చూసుకోవడం, నడపడం యాదగిరి గారి పని. పొట్టి మనిషి. ఆ స్టీరింగు తిప్పాలంటే సీటులోంచి సగం లేచి, భుజాలతో సహా ఒరిగేవారు. పెట్రోలు పోసేటప్పుడల్లా ఒకటే మాట: "గీ బండి తాగుడు ముంగట మా బావమరుదులు ఎంత?"

నేను అప్పుడే తెనాలి నుంచి వచ్చి, ఫిల్మ్‌నగర్‌లో ఒక కళా దర్శకుడి దగ్గర చేరాను. లారీ పక్కన నిలబడి టేపుతో ఎత్తు కొలుస్తుంటే ఆయన నవ్వారు.

"కిందికెల్లి ఏం కొలుస్తవ్ తమ్మీ? ఎక్కు."

ఎక్కాను. డ్రైవరు ముందు ఒక చిన్న పిడి ఉంది. దాన్ని తిప్పించారు. ఆరు చక్రాల్లోంచీ గాలి బుస్సుమంటూ పోయింది. అంత పెద్ద లారీ, ఏనుగు మోకాళ్లు వంచినట్టు, నెమ్మదిగా కిందికి దిగింది. బురదలో, ఇసుకలో దిగబడకుండా ఉండేందుకు కూర్చున్నచోటి నుంచే గాలి తగ్గించుకునే ఏర్పాటు అది.

"సూసినవా? నువ్వు రాసుకున్న ఎత్తు ఇప్పుడు అబద్ధం. గాలెంత, లోడెంత, కింద మట్టా బండనా, అన్నీ అడుగు. అడిగితే ఇజ్జత్ పోదు."

నాకు ఈ వృత్తిలో ఏమన్నా వచ్చిందంటే అది ఆ రోజు నుంచే. ఇప్పటికీ వడ్రంగిని అడగకుండా మెట్టు గీయను, రంగు వేసేవాణ్ణి అడగకుండా గోడ గీయను. అడగడం నేర్చుకున్నాను. ఒప్పుకోవడం మాత్రం నేర్చుకోలేదు.

ఆయనకు ఒక నియమం ఉండేది. లారీ మీద ఎవరు ఏం పెట్టినా, ఏం తీసినా, తలుపు మీద రెండు దెబ్బలు కొట్టి చెప్పాలి. "లోపల కూసున్నోనికి మీద ఏమున్నదో కనవడదు" అనేవారు. ఆ సినిమాలోనూ ఒక ద్వారం ఉంది. ప్లైవుడ్ మీద ప్లాస్టర్ పూసి కట్టాం. ఎత్తు కాస్త తక్కువైతే ఆయనే గాలి దించి, జానెడు సందులో మొదటి టేకు ఒడుపుగా దాటించారు. రెండో టేకుకు ఆయన లోపల గాలి చూసుకుంటుండగా, లారీ పైభాగం బోసిగా ఉందనిపించి ఊక నింపిన బస్తాలు నాలుగు పైన కట్టించాను. ఈలోగా కెమెరా వైపు నుంచి "రెడీ" అన్న కేక వినిపించింది. నేను తలుపు కొట్టలేదు. లారీ కదిలింది. ద్వారం మొత్తం కూలింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు, అదే అదృష్టం.

ఆ సినిమా దర్శకుడు అరుచుకుంటూ వచ్చాడు. "ఎవడివల్ల ఇది?"

"గాలి సరిగ్గా దించలేదు సార్" అన్నాను నేను.

యాదగిరి గారు దిగారు. ముక్కల మధ్య పడి ఉన్న ఊకబస్తాను చూశారు. నన్ను చూశారు. చాలాసేపు చూసినట్టనిపించింది. తర్వాత ఆ బస్తాను కాలితో నెమ్మదిగా ప్లైవుడ్ కిందికి తోసి, "అవ్ సార్. గాలి జర ఎక్కువున్నట్టుంది. నాదే గల్తీ" అన్నారు.

సాయంత్రం ఆయన వెనకే నడుస్తూ అడిగాను. "ఎందుకలా చెప్పారన్నా?"

"నువ్వు చెప్తవేమోనని జర సేపు సూసిన తమ్మీ. నువ్వు చెప్పలే. ఎవలో ఒకలు చెప్పాలె గద!"

యజమాని ఆ లారీని మళ్లీ ఆయన చేతికి ఇవ్వలేదు. ఆయన ఒక బడి బస్సుకు డ్రైవరుగా చేరారు. కొన్నేళ్ల తర్వాత ఒకసారి మా ఆఫీసుకు వచ్చారు. అప్పటికి నేను సొంతంగా సినిమాలు చేస్తున్నాను. బల్ల మీద ఇంకో సినిమాకు కట్టించిన ఇలాంటి ప్లాస్టిక్ ఇటుకల లారీ చూసి చిన్నపిల్లాడిలా మురిసిపోయారు. చూపుడు వేలితో స్టీరింగు తిప్పి, "మస్తు జేసిన్రు గని, చేతులు గుంజుతలేవు. ఇది రష్యా బండి ఎట్లయితది?" అన్నారు. నేనూ నవ్వాను. అప్పుడైనా తప్పు నాదేనని ఆయనతో చెప్పి ఉండాల్సింది. టీ తెప్పించాను. మరుసటి ఏడాది ఆయన పోయారు.

ఈ రోజు మధ్యాహ్నం మళ్లీ దర్శకుడి ఆఫీసుకు వెళ్లాను. పొద్దున ఉన్నవాళ్లందరినీ పిలవమన్నాను. "ఫోన్లో చెప్పొచ్చు కదండీ" అని విసుక్కున్నాడు. "పొద్దున అన్నది అందరి ముందూ కదండీ" అన్నాను. రెండు వరసలు తీసింది నేనని, నింద వేసింది కూడా నేనేనని చెప్పాను. సునీత మానెయ్యదని, కావాలంటే నన్ను మార్చుకోవచ్చని కూడా చెప్పాను. ఆయన ఆలోచించి చెబుతానన్నాడు. బయటికొచ్చి సునీతకు ఫోన్ చేశాను.

"మెయిల్ కూడా పెట్టండి సార్, అందరికీ" అంది. ఫుట్‌పాత్ మీద నిలబడే పెట్టాను.

అక్కణ్ణించి టోలిచౌకి వెళ్లాను. యాదగిరి గారి భార్య అండాలమ్మ గారు బియ్యం ఏరుతున్నారు. ఇన్నేళ్ల తర్వాత చెబుతున్నందుకు సిగ్గుపడుతూ, బస్తాల సంగతి, తలుపు కొట్టని సంగతి, నా అబద్ధం, మొత్తం చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టారు.

"గట్లనా? నాకు గూడ గాలి దించుడుల తప్పు జేసిననే చెప్పిండు కొడుకా. ఫౌజ్‌ల గన్నేండ్లు నడిపి గాలి సూసుడు మర్చిపోయినవా అని, చుట్టాలొస్తే వాళ్ల ముంగట గూడ ఎక్కిరించిన. ఆయన నవ్వి ఊకున్నడు."

క్షమించండి అనాలనుకున్నాను గాని, ఆమె అప్పటికే కళ్లు తుడుచుకుని సెల్‌ఫోన్ వెతుకుతున్నారు.

"మా పెద్దోనికి కలుపుత. ఆడు గూడ మస్తు నవ్విండు. నాకు చెప్పినట్టే ఆనికి చెప్పు."

ఫోన్ నా చేతిలో పెట్టారు. అవతల "చెప్పవే అమ్మా" అన్న గొంతు వినిపించింది. నా పేరు చెప్పి, మొదటినుంచీ మొదలుపెట్టాను.