కొత్త చెయ్యి పడిన ఆవులు

మొన్న ఆదివారం పొద్దున మా మరిది ఫోన్ చేసి, పశువుల డాక్టరమ్మ పోయారని చెప్పాడు. పొయ్యి ఆపేసి అక్కడే కూర్చున్నాను. ఒకప్పుడు ఆమె స్కూటర్ చప్పుడు వింటే లోపలికి తప్పుకునేదాన్ని.

తొంభైల నాటి సంగతి. శంషాబాద్ దగ్గర మా అత్తగారింట్లో ఆరు ఆవులుండేవి. అత్తమ్మకు మోకాళ్లు పట్టేయడంతో పాలు పిండే పని నాకొచ్చింది. నెల తిరగకముందే మూడు ఆవులకు పొదుగు వాచి గట్టిపడింది. పాలలో విరుగుడు పలుకులు. పాలకేంద్రం వాళ్లు క్యాను వెనక్కి పంపారు.

"కొత్త చెయ్యి పడ్డంకనే గిట్లైంది" అని అత్తమ్మ పక్కింటామెతో అనడం విన్నాను.

ఆ రోజుల్లోనే గడ్డి కోస్తుంటే కొడవలి తగిలి నా బొటనవేలు చీము పట్టింది. అది ఎవరికీ చెప్పలేదు. నా చేతి నుంచే అంటిందేమో, పుట్టింటికి పంపేస్తారేమో అని భయం. రెండేళ్ల నా బిడ్డ ఆ పాలే తాగుతోందన్నది ఇంకా పెద్ద భయం.

పాలకేంద్రం వాళ్లు చెబితే డాక్టరమ్మ వచ్చారు. ఆమెది గుంటూరు వైపు. ఒక్కో చన్నును స్పిరిట్ దూదితో తుడిచి, రెండు ధారలు చిన్న సీసాలోకి పిండి, దానిమీద ఏ ఆవుదో రాసుకునేవారు. తొట్టి నీళ్లు, బకెట్టు, పొదుగు తుడిచే గుడ్డ, ఏదీ వదలకుండా పరీక్షకు నమూనాలు తీసుకున్నారు. "ఎక్కడ్నుంచి వస్తోందో తెలియకుండా మందేస్తే మళ్లీ వస్తుంది" అన్నారు. ఆ తర్వాత "మీ చేతులు చూపించండి" అన్నారు. బిడ్డ ఏడుస్తోందని అబద్ధమాడి లోపలికి పారిపోయాను.

వారం తర్వాత మళ్లీ వచ్చారు. జబ్బుపడ్డ మూడింటిలో, ఆ గుడ్డలో, పైకి ఏ వాపూ లేని ముసలావు పాలలో కూడా ఒకటే క్రిమి ఉందట. చెబుతూ నా వైపే చూశారు. ఇక దాచలేక వేలి కట్టు విప్పాను.

"నా వల్లనేనా మేడం?"

"నీ వేలి నుంచి ఆవుకెళ్లిందో, ఆవు నుంచి నీకొచ్చిందో నేను చెప్పలేనమ్మా. నీకోసం అబద్ధం చెప్పను. కానీ అన్నింటినీ ఒకే గుడ్డతో తుడిచారు. జబ్బును కొట్టమంతా తిప్పింది అదే."

కొట్టం గుమ్మంలో నిలబడి వింటున్న అత్తమ్మ లోపలికి వచ్చింది. "ఆ గుడ్డ నాదే. గట్ల తుడువమని నేనే చెప్పిన" అంది.

"బిడ్డ తాగింది మేడం..." అన్నాను.

"కాచే పట్టావుగా? ఆడుకుంటోందిగా? ఇప్పట్నుంచి ఈ నాలుగింటి పాలు పట్టకు." వేలు కడిగి కట్టు కడుతూ, "భయపడ్డవాళ్లు దాస్తారు. దాస్తే నాకు దొరకదు. అందుకే నేనెవర్నీ తిట్టను" అన్నారు.

వేలు మానేదాకా నన్ను పిండొద్దన్నారు. ఆవుకో గుడ్డ పెట్టించారు. మంచివాటిని ముందు, జబ్బువాటిని చివర పిండమన్నారు. ఒక ఆవుకు ఒక చన్ను ఎండిపోయింది. ముసలావు మాత్రం ఎన్ని మందులేసినా బాగుపడలేదు. దాన్ని పిండడం మానేసి వేరుగా కట్టేసినరోజు అత్తమ్మ అన్నం తినలేదు.

రెండు నెలలకు మిగతా ఐదింటి పాలూ బాగున్నాయని తేలింది. ఆ పొద్దున మళ్లీ నేనే పిండాను. డాక్టరమ్మ అరుగు మీద కూర్చుని, "నీ చేత్తో ఒక గ్లాసు పాలు ఇవ్వు" అన్నారు. మూడు పొంగులు వచ్చేదాకా కాచి ఇచ్చాను. ఆమె ఊదుకుంటూ తాగుతుంటే, బిడ్డను చంకనేసుకుని, ఒక్కో గుక్కకూ కదిలే ఆమె గొంతునే చూస్తూ నిలబడ్డాను.